బయో.ఎంట్రెజ్ గారికి, ఆ ఇరవై గురించి

శ్రీయుత బయో.ఎంట్రెజ్ మాడ్యూల్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు బయోపైథాన్ (జీవశాస్త్ర పనులకు పనికొచ్చే పైథాన్ కోడ్ మూట) వారింట క్షేమంగా ఉన్నారనీ, మేరీలాండ్‌లోని బెథెస్డాలో కాపురముంటున్న ఎన్‌సీబీఐ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ నడిపే వైద్య వ్యాసాల సూచిక పబ్‌మెడ్ సర్వర్లతో తమ రాకపోకలు సజావుగా సాగుతున్నాయనీ తలుస్తాం. ఇక్కడ మా స్క్రిప్టు కూడా ఒక్క ఎర్రర్ లేకుండా పూర్తయింది. మా బాధంతా అదే.

పబ్‌మెడ్‌లో మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. 1997 నుంచి లోకానికంతటికీ ఉచితం. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, వెతికిపెట్టే ఈసెర్చ్ ఫంక్షన్‌కి డేటాబేస్ పేరూ వెతికే మాటా ఇచ్చి పిలిస్తే తమరు తెచ్చేది ఇరవై ఐడీలు (వ్యాసాల గుర్తింపు సంఖ్యలు). మలేరియా అన్నా ఇరవయ్యే, మధుమేహం అన్నా ఇరవయ్యే. ఎన్ని కావాలో చెప్పే రెట్‌మ్యాక్స్ అనే పారామీటర్ ఇవ్వకపోతే ఆ ఇరవై సర్వర్ పెట్టుకున్న డీఫాల్ట్, తమరి సొంత తెలివి కాదు, ఒప్పుకుంటాం. అడగందే అమ్మైనా పెట్టదు, అదీ ఒప్పుకుంటాం. అమ్మ కనీసం "ఇంకా కావాలా" అంటుంది కదండీ!

పైగా తమరికి నోరు లేదా అంటే ఉంది. ఎంట్రెజ్.ఈమెయిల్ దగ్గర మెయిల్ ఐడీ రాయకపోతే పెద్ద వార్నింగ్ ఇస్తారు: వాడకం మితిమీరితే బ్లాక్ చేసే ముందు ఆ ఐడీకే సంప్రదిస్తారు, కాబట్టి తప్పకుండా ఇవ్వమని. బాగుంది. లక్ష ఫలితాల్లో ఇరవై ఇచ్చి మిగతావి అక్కడే వదిలేసి వచ్చినప్పుడు మాత్రం మౌనవ్రతం.

అసలు మొత్తం ఎన్నో 'కౌంట్' అనే గదిలో రాసే ఉంటుంది. చూసేవాళ్లు చూస్తారు. చూసినవాళ్లకూ తమరు చిన్న చమత్కారం దాచారు: ఆ కౌంట్ అంకె కాదు, అక్షరాల వరుస (స్ట్రింగ్). దాన్ని ఇంట్‌గా (పూర్ణసంఖ్యగా) మార్చకుండా '10000' అనే మరో స్ట్రింగ్‌తో పోలిస్తే 900 పెద్దదని తేలుతుంది, ఎందుకంటే తొమ్మిది ఒకటి కంటే పెద్దది కదా. ఒకటో తరగతి పిల్లలు కూడా చేయని ఈ తప్పు మా చేత చేయించిన ఘనత తమరిదే.

సరే, రెట్‌మ్యాక్స్ పెంచుదామంటే పైన ఇంకో కప్పు ఉంది. పబ్‌మెడ్‌కి గరిష్ఠం 10,000 అని డాక్యుమెంటేషన్ చెబుతుంది. ఎన్నో ఫలితం నుంచి మొదలెట్టాలో చెప్పే రెట్‌స్టార్ట్‌తో దాన్ని దాటబోతే వచ్చే ఎర్రర్ 9,999 అంటుంది. ఆ ఒక్కటీ ఎవరి వాటా కింద పోయిందో తమరు గానీ విచారించి చెప్పగలరా? ఫలితాలను సర్వర్ దగ్గరే దాచమని యూజ్‌హిస్టరీకి 'వై' అని పెట్టి, వెబ్‌ఎన్వ్, క్వెరీకీ అనే రెండు టోకెన్లు తీసుకుని, రికార్డులు దించే ఈఫెచ్‌తో 200 చొప్పున దించుకోవడం మంచి పద్ధతే. కానీ అది కూడా ఆ కప్పు కిందే.

దారి ఒకటే, తేదీలవారీగా ముక్కలు చేయడం. మిన్‌డేట్, మ్యాక్స్‌డేట్ రెండూ కలిపే ఇవ్వాలి. ప్రతి ముక్క కౌంటూ 9,999కి లోపు ఉండాలి, దాటితే ఆ ముక్కను మళ్లీ రెండు చేయాలి. ఇక్కడ ప్రచురణ తేదీని నమ్ముకుంటే జనవరిలో దొరికిపోతాం. నెల లేకుండా ఏడాది మాత్రమే ఉన్న వ్యాసాలన్నిటినీ పబ్‌మెడ్ జనవరి కింద లెక్కేస్తుంది. ఒక నెలకి గుట్ట, మిగతా పదకొండు నెలలకి చిల్లర. ఏ రకం తేదీతో వెతకాలో చెప్పే డేట్‌టైప్‌లో రికార్డు సృష్టించిన తేదీ పెట్టుకుంటే ఈ తలనొప్పి తగ్గుతుంది. చివర్న ముక్కల కౌంట్లన్నీ కూడి, తేదీ లేకుండా అడిగిన మొత్తంతో సరిచూసుకోవాలి. ఆ లెక్క తేలకపోయినా తమరు ఏమీ అనరని ఈపాటికి తెలిసిపోయింది.

ఇక తమరి అనువాద పాండిత్యం. 'హార్ట్ ఎటాక్' అని అడిగితే సర్వర్ దాన్ని 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' అనే మెష్ (పబ్‌మెడ్ వాడే వైద్య పదకోశం) పదంగా కూడా మార్చుకుని వెతుకుతుంది. చాలాసార్లు అది మేలే. అయితే కొటేషన్ గుర్తుల్లో ఇచ్చిన పదబంధం దాని సూచీలో లేకపోతే, గుర్తులు తీసేసి విడివిడి మాటలుగా వెతికేస్తుంది, ఫలితాలు పొంగిపోతాయి. ఏం జరిగిందో 'క్వెరీ ట్రాన్స్‌లేషన్', 'వార్నింగ్ లిస్ట్' గదుల్లో ఉంటుంది. ఆ రెండిటినీ ప్రింట్ చేయని స్క్రిప్టు రాసిన పాపం మాది, అవి ఉన్నాయని చెప్పని పుణ్యం తమరిది.

పేర్ల దగ్గరికి వద్దాం, ఇది మా గుండెకు దగ్గరి సంగతి. ఇంటిపేరు ముందు రాసుకునే జాతికి 'లాస్ట్‌నేమ్' అనే గదే ఓ పరీక్ష. ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రచురించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆ పత్రాన్ని ఉదహరించేచోట వై. సుబ్బారో. యల్లాప్రగడ వారి వంశమంతా ఒక్క 'వై'లో ముడుచుకుంది, అమ్మానాన్న పెట్టిన పేరు ఇంటిపేరు పీటమీద కూర్చుంది. ఇప్పటి రావులూ రెడ్ల సంగతి ఇంకా ఘోరం. 'రావు కె' అని ఆథర్ ట్యాగుతో అడిగితే కె.వి., కె.ఎస్., కె.ఎన్. రావులందరూ బంతిలో కూర్చుంటారు. పేరు చుట్టూ కొటేషన్ గుర్తులు పెడితే తప్ప ఒక్క కె. రావు విడిగా దొరకడు.

పోనీ ఊరు పట్టుకుని వడపోద్దామా? అఫిలియేషన్ (రచయిత పనిచేసే సంస్థ చిరునామా) గదిలో హైదరాబాద్ అని వెతికితే సింధ్ రాష్ట్రపు హైదరాబాద్ కూడా వచ్చి పలకరిస్తుంది. ఇండియా అని జత చేయాలి. అంత చేసినా 2014కి ముందు రికార్డుల్లో మొదటి రచయిత చిరునామా మాత్రమే ఉండేది కాబట్టి, రెండో పేరుగా ఉన్న మనవాళ్లు ఆ వలలో పడరు.

తమరి మంచి గుణాలు చెప్పకపోతే కళ్లు పోతాయి. సెకనుకు మూడు అభ్యర్థనలు, ఏపీఐ కీ (ఎన్‌సీబీఐ ఇచ్చే వాడుకరి గుర్తు) ఉంటే పది, ఈ హద్దు తమరే పాటిస్తారు. ఐడీలు రెండొందలు దాటితే గెట్ పద్ధతి మానేసి పెద్ద అభ్యర్థనలకు సరిపోయే పోస్ట్‌కి మారతారు. ఉత్తమ సంస్కారం. కాకపోతే ఒకేసారి నాలుగు ప్రాసెస్‌లు నడిపితే ఒక్కోదానికి ఒక్కో గడియారం, నలుగురూ తలో మూడు అడుగుతారు, అటునుంచి 429 (అడగడం మితిమీరిందన్న ఎర్రర్) వస్తుంది. కీ లేకుండా కాలేజీ అంతా ఒకే ఐపీ వెనక ఉంటే పక్క ల్యాబ్ వాళ్లు అడగడం కూడా మన ఖాతాలోకే. సర్వర్ పలకకపోతే పదిహేను సెకన్లు ఆగి మూడుసార్ల వరకూ ప్రయత్నిస్తారు, కానీ సగం చదివాక లైన్ తెగితే ఆ బాధ్యత తమరిది కాదు. అందుకే ఒక్కో బ్యాచ్ రాగానే ముడి ఎక్స్‌ఎమ్‌ఎల్ డేటాని ఫైల్లో దాచుకుని, విడమర్చడం తర్వాత పెట్టుకోవాలి. విడమర్చేటప్పుడు 'పబ్‌మెడ్ ఆర్టికల్' వరుస పక్కనే 'పబ్‌మెడ్ బుక్ ఆర్టికల్' వరుస ఉంటుందని మరిస్తే, పుస్తకాల అధ్యాయాలు చడీచప్పుడు లేకుండా జారిపోతాయి.

ఒక్క విషయంలో మాత్రం మేం అదృష్టవంతులం. పెద్ద పనులు వారాంతాల్లోగానీ, మామూలు రోజుల్లో అమెరికా తూర్పు తీరపు రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 5 లోపుగానీ చేసుకోమని అక్కడి నియమం. అంటే చలికాలంలో మనకు ఉదయం 7:30 నుంచి మధ్యాహ్నం 3:30, వాళ్లు గడియారం ముందుకు జరిపాక 6:30 నుంచి 2:30. వాళ్లు నిద్రపోయే వేళ మాకు ఆఫీసు వేళ.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఇరవై దగ్గర ఆగిన లూపుల సంఘం

తా.క.: మెయిల్ ఐడీ ఇచ్చాం. జవాబు రాస్తారని కాదు, బ్లాక్ చేసే ముందు ఒక మాట చెబుతారని.