చెత్తలోంచి పుట్టిన కళకు సొంతదారులెవరు?

న్యూయార్క్ నగరంలో 1983లో ఒక చెత్త లారీ ఒళ్లంతా అద్దాలు తొడుక్కుని వీధిలోకి వచ్చింది. దాని పక్కలకు బిగించిన అద్దాల్లో దారిన పోయేవాళ్లకు తమ ముఖాలే కనిపించాయి కాబట్టి లోపలున్న చెత్త ఎవరిదో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. దాన్ని రూపొందించిన మియెర్లే లాడర్మన్ యూకెలీస్ అప్పటికే ఆ నగర పారిశుద్ధ్య విభాగంలో జీతం లేని ఆస్థాన కళాకారిణి. అంతకుముందు 1979లో మొదలుపెట్టి దాదాపు 11 నెలల పాటు ఆమె మరో పని చేశారు. నగరంలోని 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులను వాళ్లు పనిచేసే చోటికే వెళ్లి కలిసి, ఒక్కొక్కరితో చేయి కలిపి, నగరాన్ని బతికించి ఉంచుతున్నందుకు కృతజ్ఞతలు చెప్పారు. ఆ చేతిని తాకడానికి కూడా జంకే సమాజంలో అది చిన్న పని కాదు.

ఈ రెండు కృతుల వల్లా నగరంలో బుట్టెడు చెత్త కూడా తగ్గలేదు. వ్యర్థాలతో సామూహిక కళ గురించిన చర్చను ఇక్కడి నుంచి మొదలుపెట్టడమే మేలని నా ఉద్దేశం, ఎందుకంటే ఆ కళను పొగిడేవాళ్లు సాధారణంగా టన్నుల లెక్కతో మొదలుపెడతారు, టన్నుల లెక్కలోనే అది ఓడిపోతుంది. ప్రపంచ బ్యాంకు 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం 2016లో ప్రపంచవ్యాప్తంగా పట్టణ ఘన వ్యర్థాలు 201 కోట్ల టన్నులు. ఇదే తీరు సాగితే 2050 నాటికి అవి 340 కోట్ల టన్నులకు చేరతాయని ఆ నివేదిక అంచనా. 2015 వరకు మనిషి తయారుచేసిన ప్లాస్టిక్ దాదాపు 830 కోట్ల టన్నులైతే, అందులో వ్యర్థంగా మారినదాంట్లో పునర్వినియోగానికి వెళ్లింది 9 శాతం మాత్రమేనని 2017లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఈ అంకెల ముందు పదో పరకో టన్నుల తుక్కుతో నిలబెట్టిన తిమింగలం బొమ్మ ఏపాటిది? చెత్త తగ్గాలంటే తయారీ తగ్గాలి, వేరుచేసి సేకరించే వ్యవస్థ ఉండాలి, ఉత్పత్తిదారు మీద బాధ్యత పడాలి. శిల్పి ఈ మూడింటిలో ఒక్కటీ చేయలేడు.

మరి అతను చేయగలిగింది ఏమిటి? బ్రెజిల్‌లోని రియో డి జనీరో శివారులో, జార్దిమ్ గ్రమాచో అనే డంపింగ్ యార్డులో జరిగిన ప్రయోగం దీనికి మంచి జవాబు ఇస్తుంది, దానితోపాటు కొన్ని చిక్కుప్రశ్నలు కూడా. విక్ మునీజ్ అనే కళాకారుడు అక్కడ పునర్వినియోగ సామగ్రి ఏరుకుని బతికేవారి ఫొటోలు తీశారు. సంఘ నాయకుడు టియావ్ శాంటోస్‌ను పారేసిన స్నానపు తొట్టిలో పడుకోబెట్టి, ఫ్రెంచి విప్లవ నాయకుడు మరా హత్యను చూపే 1793 నాటి ప్రసిద్ధ చిత్రంలోని భంగిమలో ఫొటో తీశారు. ఆ ఫొటోను ఒక పెద్ద షెడ్డు నేల మీద వెలుగుగా పరిచారు. పైన ఎత్తు మీద నిలబడి కళాకారుడు లేజర్ కాంతితో చోటు చూపిస్తుంటే, కింద ఆ ఏరేవాళ్లే సీసాలు, మూతలు, టైర్లు, తుక్కు తెచ్చి నీడ పడాల్సిన చోట నీడగా, గీత పడాల్సిన చోట గీతగా పేర్చారు. పక్కన నిలబడి చూస్తే అది చెత్తకుప్పే, పైనుంచి చూస్తేనే మనిషి కనిపిస్తాడు. పైనుంచి తీసిన ఆ ఫొటోయే చివరికి కళాఖండం అయింది. లండన్ వేలంలో అది అమ్ముడుపోగా వచ్చిన డబ్బు ఏరేవారి సంఘానికి చేరింది.

ఇందులో గమనించాల్సింది చేతులు. యార్డులో సీసాను సీసాగా, డబ్బాను డబ్బాగా క్షణంలో గుర్తుపట్టి వేరుచేసే నైపుణ్యం ఆ చేతులకు ముందే ఉంది. దేనికి ఎంత పలుకుతుందో, ఏ ప్లాస్టిక్ దేనితో కలవదో వాళ్లకు తెలిసినంతగా శిల్పకళాశాలలో చదివినవారికి తెలియదు. అక్కడ కొత్తగా జరిగిందల్లా ఆ నైపుణ్యాన్ని లోకం ముఖాముఖి చూడటమే. అయితే పని ముగిశాక ఏమిటన్న ప్రశ్న కళాకారుడి బృందంలోనే వాదనకు దారితీసింది. కొన్ని వారాలు స్టూడియోలో గౌరవంగా గడిపిన మనిషిని తిరిగి కుప్ప మీదికి పంపడం మేలా, అసలు ఆశ పుట్టించకపోవడమే మేలా అని వాళ్లు తర్జనభర్జన పడ్డారు. పాల్గొన్న వారిలో కొందరు మళ్లీ యార్డుకు వెళ్లడానికి ఇష్టపడలేదు. ఈ వాదనలో నేను ఆశ పక్షమే, కానీ ఆశ పుట్టించినవారికి దాని తర్వాతి బాధ్యత కూడా ఉంటుందన్న షరతుతో.

ఇదే విషయాన్ని లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతం ఇంకో కోణంలో చూపుతుంది. 1965 ఆగస్టులో అక్కడ నల్లజాతి జనం తిరగబడి, ఆరు రోజుల అల్లర్లలో 34 మంది చనిపోయారు. వీధులు బూడిదయ్యాయి. స్థానిక కళాకేంద్రం నడుపుతున్న నోవా ప్యూరిఫాయ్, ఆయన సహచరుడు జడ్సన్ పావెల్ కలిసి ఆ శిథిలాల్లోంచి దాదాపు మూడు టన్నులు ఏరి తెచ్చారు. కాలిపోయిన దుకాణాల నియాన్ బోర్డులు కరిగి, నేల మీద కారి, గడ్డకట్టి ఉన్నాయి. ఆ కరుడుగట్టిన ముద్దలు, కాలిన కర్రలు మరికొందరు కళాకారుల చేతుల్లో 1966 ప్రదర్శనకు ముడిసరుకయ్యాయి. దాని పేరులోనే నియాన్ ఉంది. ఆ తుక్కు ఎవరిదో, ఎందుకు కాలిందో చూడవచ్చినవాళ్లకు తెలుసు. చెత్తకు చరిత్ర ఉంటుంది. దాన్ని కడిగి, రంగు వేసి, ముద్దొచ్చే జంతువుగా మార్చినప్పుడు మొదట పోయేది ఆ చరిత్రే.

ఆ కళాకేంద్రం పుట్టింది కూడా చెత్త కళ నీడలోనే. సైమన్ రోడియా అనే ఇటలీ వలస కార్మికుడు అదే వాట్స్‌లో 1921 నుంచి 1954 వరకు, 33 ఏళ్లు, ఒంటిచేత్తో ఇనుప కడ్డీలు, సిమెంటు, పగిలిన సీసాలు, పింగాణీ పెంకులు, గవ్వలతో దాదాపు వంద అడుగుల గోపురాలు లేపాడు. తర్వాత అన్నీ పొరుగువారికి వదిలి వెళ్లిపోయాడు. అవి ప్రమాదకరమని నగర అధికారులు కూల్చివేతకు ఉత్తర్వు ఇస్తే, పౌరులు కమిటీ కట్టి 1959లో బల పరీక్షకు ఒప్పించారు. 10,000 పౌండ్ల బలంతో లాగినా గోపురం చెక్కుచెదరలేదు. చండీగఢ్‌లో నేక్‌చంద్ కథ దీనికి దగ్గర చుట్టమే. కొత్త నగరం కోసం కూల్చిన ఊళ్ల శిథిలాలను, విరిగిన గాజులను, పింగాణీ ముక్కలను ఆ రోడ్ల ఇన్‌స్పెక్టర్ 1957 నుంచి ఎవరికీ తెలియకుండా ప్రభుత్వ అటవీ భూమిలో కూడబెట్టి బొమ్మలుగా మలిచాడు. అధికారికంగా అది అక్రమ కట్టడమే అయినా 1976లో రాక్ గార్డెన్‌గా ప్రజలకు తెరుచుకుంది, తర్వాత బుల్డోజర్లు వచ్చినప్పుడు జనమే అడ్డుగా నిలబడ్డారు. రెండు చోట్లా మొదలుపెట్టింది ఒక్కడే, ఊరు ఒప్పుకున్నాకే అది అందరిదైంది. పోటీ పెట్టి వారంలో తయారుచేయించే సామూహిక కళకు ఈ ఓపిక ఎక్కడిది?

ఇక సరుకు సంగతి. చెత్త కళ నిర్వాహకులు ఎక్కువగా అడిగేది శుభ్రంగా ఉన్న తాగునీటి సీసాలనే. అవి తేలికగా దొరుకుతాయి, వెలుగులో మెరుస్తాయి. కానీ చెత్త ఏరేవారికి కాస్తో కూస్తో గిట్టుబాటయ్యేదీ ఆ సీసాయే, మళ్లీ కరిగించి వాడటానికి పనికొచ్చేదీ అదే. దాన్ని సిమెంటులో పాతినా, జిగురుతో అతికించి రంగు పూసినా ఆ దారి మూసుకుపోతుంది. అంటే కూలి దొరికే సరుకును పేదవాడి సంచిలోంచి తీసి కూడలిలో అలంకరించడమే. కొనేవాడు లేని సరుకు వేరే ఉంది: ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఒకదానికొకటి అతుక్కుని విడదీయడానికి వీలుకాని చిరుతిళ్ల ప్యాకెట్లు, తెగిన రబ్బరు చెప్పులు, థర్మాకోల్. కళ చేయి పెట్టాల్సింది అందులో. అప్పుడు కూడా ఎండను మరవకూడదు. అతినీల లోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసెక్కి, పగిలి, రేణువులై రాలుతుంది. తీరం నుంచి ఏరిన ప్లాస్టిక్‌తో అదే తీరంలో చేప బొమ్మ నిలబెట్టి నాలుగేళ్లు వదిలేస్తే, అది తిరిగి సముద్రంలోకే ముక్కలు ముక్కలుగా నడిచి వెళుతుంది. బొమ్మను ఆవిష్కరించే రోజే దాన్ని విప్పే తేదీ, విప్పేవారి పేరు, విప్పిన సరుకు వెళ్లే చోటు రాసిపెట్టని ప్రాజెక్టును నేను పర్యావరణ కళ అనలేను.

రిబ్బన్ కత్తిరించే చేయి ఎవరిదన్నది ఇంకో పేచీ. ఆ ప్యాకెట్లను కోట్ల సంఖ్యలో మార్కెట్‌లోకి వదిలే సంస్థే శిల్పం పక్కన తన గుర్తుతో బోర్డు పెట్టుకుంటే, తప్పు పారేసినవాడిదేనన్న సందేశం నిశ్శబ్దంగా ఊళ్లోకి వెళుతుంది. పైన పటారం లోన లొటారం అనే మాట ఇలాంటి చోటికే పుట్టినట్టు ఉంటుంది. ఆ డబ్బు వద్దనడం కళాకారులకు కష్టమే, కాదనను. కనీసం ప్యాకెట్ మీది పేరు శిల్పంలో కనిపించేలా పైకి తిప్పి కుట్టే స్వేచ్ఛనైనా వాళ్లు అడిగి తీసుకోవాలి. ఘనాలో పుట్టి నైజీరియాలో స్థిరపడిన ఎల్ అనాట్సుయి మద్యం సీసాల అల్యూమినియం మూతలను చదును చేసి, మెలిపెట్టి, రాగి తీగతో కలిపి గోడంత తెరలుగా కుట్టిస్తారు. ఆ మూతల మీద బ్రాండ్ల పేర్లు చెరిపివేయరు. యూరప్ నుంచి వచ్చిన మద్యం ఒకప్పుడు ఆఫ్రికా తీరంలో బానిస వ్యాపారపు మారకపు సరుకు కాబట్టి, ఆ పేర్లు అలా ఉండటంలోనే అర్థం ఉంది. ఆ తెరల వెనక వర్క్‌షాపులో కుట్టేవారు చాలామంది, గోడ మీద కనిపించే పేరు మాత్రం ఒక్కటే. ఇది ఆయన ఒక్కరి లోపం కాదు, కళా విపణి నడిచే తీరే అంత. అయినా సామూహికం అని పిలుచుకునే పనికి ఈ తీరు సరిపోదు. కూలి ఎంత, ఎవరికి, అమ్మకంలో వాటా ఉందా, ఫలకం మీద ఎన్ని పేర్లున్నాయి అన్నవి శిల్పం అందం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

గ్రమాచో యార్డును 2012 జూన్‌లో మూసేశారు. పర్యావరణం దృష్ట్యా అది ఎప్పుడో జరగాల్సిన పని, కానీ వేలమందికి అదే తిండి. మూసివేత నాటికి ఏరేవారి సంఘం పరిహారం కోసం ప్రభుత్వంతో బేరమాడి సాధించుకుంది. ఆ సంఘం కళాకారుడు రాకముందే ఉంది, బలం దానిదే. అయితే బేరపు బల్లకు అవతల కూర్చున్నవాళ్లకు ఆ నాయకుడి ముఖం అప్పటికే తెలుసు. ఎందరో దాన్ని గోడ మీద, తొట్టిలో పడుకున్న భంగిమలో, చూసి ఉన్నారు.