మూడేళ్ల తరువాతి లెక్క

ప్రతిపాదన: మెథాంఫెటమిన్ వాడకం వల్ల దీర్ఘకాలంలో కలిగే హాని పరిశోధనల్లో రుజువైంది. సమర్థిస్తున్నది ఒక మానసిక వైద్యురాలు. కాదంటున్నది కళాశాలలో గణాంకశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు.

మాస్టారు: ఈ మత్తుమందును వెనకేసుకురావడానికి నేను ఇక్కడికి రాలేదు, డాక్టరు గారూ. 1893లో జపానులో నాగై నాగయోషి ఎఫెడ్రిన్ నుంచి దీన్ని తయారుచేసిన తరువాత ఇది ఎన్ని కొంపలు ముంచిందో నాకూ తెలుసు. నా అభ్యంతరమంతా ‘రుజువైంది’ అన్న మాట మీదే. 2004లో మెదడు పరిశోధకుడు పాల్ థాంప్సన్ బృందం 22 మంది వాడకందారుల మెదళ్లను ఎమ్మారై తీసి, మందు ముట్టని 21 మంది మెదళ్లతో పోల్చి, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ సగటున 7.8 శాతం చిన్నదిగా ఉందని తేల్చింది. ఆ అంకె పత్రికలకెక్కి, అడవిని కాల్చే కార్చిచ్చుతో పోలిక దాకా పోయింది. ఆ 22 మంది మెదళ్లు మందు మొదలుపెట్టకముందు ఎలా ఉండేవో ఎవరికీ తెలియనప్పుడు, తేడా మొత్తాన్ని మందు ఖాతాలో రాయడం ఏ లెక్క?

డాక్టరు: అక్కడ మీతో నాకు పేచీ లేదు. ఒక్కసారి తీసిన చిత్రం ఇద్దరి మధ్య తేడాను చూపగలదే కాని, ఒకడిలో వచ్చిన మార్పును చూపలేదు. అందుకే మత్తుమందుల పరిశోధకురాలు నోరా వోల్కో బృందం 2001లో ప్రచురించిన పనిని ముందుకు తెస్తున్నాను. వాళ్లు కొందరికి మందు మానిన ఆరు నెలల లోపు ఒకసారి, పన్నెండు నుంచి పదిహేడు నెలల మధ్య మరొకసారి స్కాన్ తీశారు. మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని నాడీకణాల్లోకి తిరిగి చేర్చే ప్రోటీన్లను డోపమైన్ వాహకాలంటారు. మొదటిసారి బాగా తగ్గి కనిపించిన ఆ వాహకాలు రెండోసారికి చాలావరకు కోలుకున్నాయి. అయితే కదలికల పరీక్షలోనూ, జ్ఞాపకశక్తి పరీక్షలోనూ ఆ మేరకు మెరుగుదల కనిపించలేదు.

మాస్టారు: ఆ ‘కొందరు’ ఎంతమందో కూడా చెప్పండి.

డాక్టరు: ఐదుగురు.

మాస్టారు: పెళ్లి భోజనాల్లో ఒక వరుస కూడా నిండదు! పైగా ఆ ఫలితం చెప్పేది కోలుకోవడం గురించే కాబట్టి అది నా వాదానికే బలం. ఈ రంగంలో ప్రయోగాలు ఎంత జాగ్రత్తగా జరుగుతాయో చెప్పడానికి ఇంకో ఉదాహరణ ఇస్తాను. 2002లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ రికార్టే బృందం, ఎక్స్‌టసీ అనే మందు కోతుల మెదడులో డోపమైన్ నాడులను దెబ్బతీస్తుందని ‘సైన్స్’ పత్రికలో రాసింది. మరుసటి ఏడే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. సీసాల మీద చీటీలు తారుమారై, కోతులకు ఎక్కించింది ఎక్స్‌టసీ కానే కాదని బయటపడింది.

డాక్టరు: మరి ఎక్కించింది ఏమిటి, మాస్టారూ?

మాస్టారు: మెథాంఫెటమిన్.

డాక్టరు: మీ సాక్షి నా పక్షాన చెప్పి వెళ్లినట్టుంది.

మాస్టారు: కోతి సాక్ష్యం కోతికే చెల్లుతుంది, అదీ ప్రయోగశాలలో ఇచ్చిన మోతాదులకే. మనుషుల సంగతికి వద్దాం. మత్తుమందుల పరిశోధకుడు కార్ల్ హార్ట్, ఆయన సహచరులు 2012లో అప్పటి దాకా వచ్చిన అధ్యయనాలను తిరగేసి, వాడకందారుల ఆలోచనాశక్తి పరీక్షల మార్కులు చాలావరకు వాళ్ల వయసుకు, చదువుకు తగిన మామూలు పరిధిలోనే ఉన్నాయన్నారు. ఇద్దరి మార్కుల మధ్య తేడా ఉన్నంత మాత్రాన తక్కువ వచ్చినవాడు రోగి అయిపోడు.

డాక్టరు: ఆ విమర్శ న్యాయమైనదే, తెలివి మొద్దుబారిపోతుందని భయపెట్టే ప్రచారం వల్ల రోగి మేలు పొందింది నేనెన్నడూ చూడలేదు. కాని నా ప్రతిపాదన మార్కుల మీద ఆధారపడి లేదు. ఆస్ట్రేలియాలో ఐస్ అని పిలిచే ఈ మందుకు బానిసలై సిడ్నీ, బ్రిస్బేన్ నగరాల్లో చికిత్సకు వచ్చినవారిని రెబెకా మెకెటిన్ బృందం మూడేళ్ల పాటు వెంబడించింది. వారిలో స్కిజోఫ్రీనియా గాని, మేనియా గాని ఎన్నడూ లేని 278 మందిని తీసుకుని, మందు వాడిన నెలలో ఒక మనిషి ఎలా ఉన్నాడో, వాడని నెలలో అదే మనిషి ఎలా ఉన్నాడో పోల్చింది. ముందు ఎలా ఉండేవాడు, ఏ ఇంట్లో పుట్టాడు అన్న మీ ప్రశ్నలకు అక్కడ చోటే లేదు, ఎందుకంటే రెండు వైపులా ఉన్నది ఒక్కడే. మందు ముట్టని నెలల్లో ఉన్మాద లక్షణాలు, అంటే లేని గొంతులు వినిపించడం, లేని కుట్రలు తోచడం లాంటివి, కనిపించే అవకాశం 7 శాతం ఉంటే, నెలలో పదహారు రోజులు, అంతకు మించి వాడినప్పుడు అది 48 శాతానికి చేరింది. ఈ 48 కాగితం మీద అంకె కావచ్చు గాని, ఇంట్లో అది తలుపు కింది సందులో తువ్వాలు కుక్కి, పక్కింటివాళ్లు తన మీదే కుట్ర పన్నుతున్నారని గోడకు చెవి ఆనించి తెల్లవార్లూ కూర్చునే కొడుకు.

మాస్టారు: ఎక్కువ మందు వాడే నెలలో తాగుడూ, గంజాయీ ఎక్కువే ఉంటాయి గదా?

డాక్టరు: వాటినీ లెక్కలోకి తీసుకున్నారు. అవి విడిగా తమ వంతు ప్రమాదాన్ని పెంచాయే తప్ప, మెథాంఫెటమిన్ వంతును చెరిపెయ్యలేదు.

మాస్టారు: గొంతులు వినిపిస్తున్న బాధ తట్టుకోలేకే ఆ నెలలో ఎక్కువ వాడాడేమో అన్న అనుమానం నాకు పూర్తిగా పోలేదు. అయినా మోతాదుతో పాటు మెట్టుమెట్టుగా పెరిగే ఫలితాన్ని కొట్టిపారెయ్యడం నా శాస్త్రానికే ద్రోహమవుతుంది. ఉన్మాదం వరకు ‘రుజువైంది’ అన్న మాటను ఒప్పుకుంటున్నాను. మెదడు శాశ్వతంగా చెడిపోతుందన్న దాన్ని మాత్రం ఒప్పుకోను. మరి అదే అధ్యయనం మీ చికిత్స గురించి ఏం చెప్పిందో కూడా సభకు చెప్పాలి.

డాక్టరు: చెబుతాను. కొద్ది రోజులు ఉంచి మందు దింపి పంపే పద్ధతి, ఏ చికిత్సా పొందనివారితో పోలిస్తే వాడకాన్ని తగ్గించలేదు. పునరావాస కేంద్రంలో చేరిన ప్రతి వందమందిలో, ఆ చికిత్స వల్లే అదనంగా మానుకుని నిలబడినవారు మూడు నెలలకు 33 మంది, ఏడాదికి 14 మంది, మూడేళ్లకు ఆరుగురు.

మాస్టారు: మూడు నెలలకే పెన్ను కిందపెట్టి ఉంటే 33 అని చాటుకునేవారు.

డాక్టరు: అవును, చాటుకునేవాళ్లమే. అందుకే పరిశోధన దీర్ఘకాలం సాగాలంటున్నాను. దీని ప్రభావం మన చట్టం దాకా వస్తుంది. మన మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షను ప్రకారం, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి వాడకం కేసులో విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది; చికిత్స పూర్తిగా తీసుకోకపోతే ఆ మినహాయింపును రద్దు చెయ్యవచ్చు. మూడేళ్లలో 33 ఆరుకు దిగిపోయే జబ్బులో ‘పూర్తిగా’ అన్న మాటకు ఎన్ని నెలలని అర్థం చెప్పాలి, మాస్టారూ?

మాస్టారు: ఎన్ని నెలలో నేను చెప్పలేను. కాని ఆ అర్థాన్ని మూడో నెల దగ్గర ఆపితే మాత్రం నేను మీ పక్షానే నిలబడి వాదిస్తాను.