ఆ ఫొటోలు నడవాలోనే ఉండాలి

అమెరికా ప్రతినిధుల సభలో నార్త్ కరోలినా రిపబ్లికన్ సభ్యుడు వాల్టర్ జోన్స్ 2002లో ఇరాక్ యుద్ధానికి ఓటేశారు. తర్వాత ఆ ఓటు తప్పని బాహాటంగా ఒప్పుకున్నారు. తన నియోజకవర్గంలోని క్యాంప్ లెజూన్ సైనిక స్థావరం నుంచి యుద్ధానికి వెళ్లి తిరిగిరాని సైనికుల ఫొటోలను అమెరికా కాంగ్రెస్‌లోని తన ఆఫీసు బయట నడవాలో పెట్టించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన డెమోక్రాట్ సెనేటర్ ఫ్రాంక్ లాటెన్‌బర్గ్ కూడా తన ఆఫీసు ముందు అలాంటి ఫొటోలే ఉంచారు. పార్టీలు వేరైనా ఇద్దరికీ తోచింది ఒకటే.

శాశ్వత స్మారకాలకైతే గట్టి చట్టమే ఉంది. 1986 నాటి ఆ చట్టం ప్రకారం వాషింగ్టన్‌లోని ఫెడరల్ స్థలంలో యుద్ధ స్మారకం కట్టాలంటే ఆ యుద్ధం ముగిసి కనీసం పదేళ్లు కావాలి. ఉగ్రవాదంపై యుద్ధానికి ముగింపే కనిపించక, 2017లో దాని స్మారకానికి మినహాయింపు ఇచ్చారు. నడవా సంగతి వేరు. అక్కడి నిబంధనలను ప్రతినిధుల సభ వైపు స్పీకర్ నేతృత్వంలోని కమిషన్, సెనేట్‌లో రూల్స్ కమిటీ చూసుకుంటాయి.

దారికి అడ్డం రాకూడదు, వీల్‌చైర్ తిరగాలి, మంటలు లేస్తే జనం బయటపడాలి. వీటితో మాకు పేచీ లేదు. చూడటానికి ఇబ్బందిగా ఉందనో, యుద్ధంపై జనం మనసు మారుతుందనో ఫొటోలు తీసేయించడానికి అదే నిబంధనను వాడితే మాత్రం ఒప్పుకోలేం. డోవర్ వైమానిక స్థావరానికి వచ్చే సైనికుల శవపేటికలను ఫొటో తీయకూడదని 1991లో నిషేధం పెట్టారు. రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ దాన్ని ఎత్తేసింది 2009లో! అప్పుడైనా ఆయన సరైన పని చేశారు. నిర్ణయాన్ని కుటుంబాల చేతికి ఇచ్చారు.

నడవాలోనూ అదే పద్ధతి ఉండాలి. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే ఫొటో పెట్టాలి. ఏ తల్లి అయినా వద్దంటే ఆ రోజే తీసేయాలి. పక్కన పార్టీ నినాదం ఉండకూడదు. వియత్నాం స్మారకం గోడపై 58 వేలకు పైగా పేర్లున్నాయి, ఒక్కదాని పక్కనా హోదా లేదు. ఇక్కడా పేరు, వయసు, ఊరు చాలు.

వీటన్నిటికీ వేరే హాలు కేటాయించవచ్చు కదా అని కొందరు అనవచ్చు. ఆ హాలుకు చూడాలనుకున్నవాళ్లే వెళ్తారు. సైన్యాన్ని పంపాలా వద్దా అని ఓటేసే సభ్యులు రోజూ తిరిగేది ఈ నడవాల్లోనే. స్టాండు ఎంత వెడల్పు ఉండాలో, అనుమతి పత్రం ఎవరివ్వాలో రాసి, రెండు పార్టీలకూ ఒకేలా అమలు చేస్తే చాలు. ఏ యుద్ధంలో పోయినవాళ్ల ఫొటోలు పెట్టాలన్నది ఆ కమిటీలు తేల్చాల్సిన విషయం కాదు.