ఈ గొంతు ఏ ఏటిది?

గత మాఘమాసంలో బరంపురంలో మా మేనకోడలి పెళ్లి జరిగింది. రాత్రి విందు దగ్గర మెలోడీ పెట్టించారు. దూరాన ఉన్న తెలుగువారి కోసం ఒక మాట చెప్పాలి. ఒడిశాలో పెళ్లికైనా పూజకైనా వేదిక మీద పాడే ఆర్కెస్ట్రాను మెలోడీ అనే పిలుస్తారు. ఒడియా పాటలు, హిందీ పాటలు, మా కోసం నాలుగు తెలుగు పాటలు అయ్యాయి. జనం భోజనాల వైపు కదిలిన వేళ కీబోర్డు వాయించే కుర్రవాడు తనకోసమే అన్నట్టు ఒక ఇంగ్లీషు పాట వరస ఎత్తుకున్నాడు. మెల్లగా మొదలై, మెట్టు మెట్టుగా పైకెళ్లి, ఒక చోట గొంతుకు అడ్డం పడే వరస. అన్‌చెయిన్డ్ మెలొడీ. నా పక్కన కూర్చున్న మేనల్లుడు "మామయ్యా, ఇది ఘోస్ట్ సినిమా పాట" అంటూ ఫోనులో వెతికి వినిపించాడు. పాట పేరు పక్కన 1965 అని ఉంది. పాడుతున్నది 1965 నాటి గొంతు కాదు.

అది నాకు ఎలా తెలుసో చెబుతాను. డిగ్రీ చదివే రోజుల్లో ఈ పాట నా దగ్గర రెండు క్యాసెట్లలో ఉండేది. రెండింటి మీదా అదే పాట పేరు, అదే గాయకుల జంట పేరు. ఒకటి నాకు ప్రాణం. రెండోది ఎందుకో మనసుకు ఎక్కేది కాదు. టేపు సాగిపోయిందేమోనని అనుమానపడ్డాను. టేప్‌రికార్డరు హెడ్డు శుభ్రంగా తుడిచి మళ్లీ విన్నాను. రెండోదానిలో గొంతు కాస్త బరువెక్కింది, ఊపిరి తీసుకునే చోట్లు మారాయి. ఆ రెండు రికార్డింగుల మధ్య పాతికేళ్ల దూరం ఉందని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. నాతో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఏ ఏటిదో రాయకుండా ఊరుకున్నారు.

ఈ పాట పుట్టింది జైలు కథలో. 1955లో అన్‌చెయిన్డ్, అంటే సంకెళ్లు తెగిన అనే పేరుతో, ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. కాలిఫోర్నియాలోని చీనో జైలు నేపథ్యంగా తీసిన సినిమా అది. సంగీతం అలెక్స్ నార్త్, సాహిత్యం హై జారెట్. రాయమని అడిగినప్పుడు జారెట్ తన ఇంటికి రంగులు వేసుకుంటున్నాడని, తీరిక లేదని మొదట తప్పించుకున్నాడని చెబుతారు. తరువాత రాశాడు గాని సినిమా పేరులోని మాటను పాటలో ఎక్కడా వాడలేదు. అందుకే పాట పేరులో సంకెళ్లు ఉన్నాయి, పాటలో వాటి ఊసే లేదు. ఉన్నదల్లా దూరాన ఉన్న మనిషి కోసం ఎదురుచూపు, కదలనని మొరాయించే కాలం, సముద్రం వైపు సాగే నదులు. జైలు గోడ కనిపించకుండా జైలులోని మనిషి మనసు రాసిన కవి మీద నాకు అపారమైన గౌరవం.

సినిమాలో దీన్ని ఖైదీ పాత్రలో పాడినవాడు టాడ్ డంకన్. ఆయన సామాన్యుడు కాడు. అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ 1935లో పోర్గీ అండ్ బెస్ అనే ఒపేరాను, అంటే పాటలతో నడిచే నాటకాన్ని, వేదిక ఎక్కించినప్పుడు మొదటి పోర్గీ పాత్రధారి ఆయనే. నల్లజాతి గాయకులకు పెద్ద ఒపేరా వేదికల తలుపులు మూసి ఉన్న కాలంలో, 1945లో న్యూయార్క్ సిటీ ఒపేరాలో ప్రధాన పాత్ర పాడి ఆ తలుపు తెరిచాడు. ఈ పాటను అందరికంటే ముందు పాడినది అంతటివాడు. ఈ రోజు ఈ పాటను ప్రాణంగా ప్రేమించే వందమందిని అడగండి, ఆయన పేరు ఎందరు చెబుతారో చూడండి. నాకు నిజంగా బాధ కలిగే చోటు ఇది.

సినిమా వచ్చిన ఏడే ఈ పాటను మరికొందరు అందుకున్నారు. లెస్ బాక్స్టర్ వాద్యబృందం, డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో పాడిన అంధగాయకుడు ఆల్ హిబ్లర్, రాయ్ హామిల్టన్. ఆ మూడు రికార్డులూ అమెరికాలో మొదటి పది స్థానాల్లోకి వచ్చాయి. ఇంగ్లండులో జిమ్మీ యంగ్ పాడింది మొదటి స్థానానికి చేరింది. ఆస్కార్‌కు నామినేషన్ దక్కింది, బహుమతి రాలేదు.

రాసినవాడి పేరుకూ ఆపద వచ్చింది. ఒక విద్యుత్ ఇంజనీరు ముందుకు వచ్చి, 1936లో కుర్రవాడిగా ఉన్నప్పుడు హై జారెట్ అనే కలం పేరుతో ఈ సాహిత్యం తానే రాశానన్నాడు. తన పేరునే చట్టప్రకారం హై జారెట్‌గా మార్చుకున్నాడు. చివరికి వివాదం అసలు జారెట్ పక్షానే తేలింది, రాయల్టీ ఆయనకే అందుతూ వచ్చింది. ఆయన 2007లో, నూరో ఏడు నిండడానికి కొన్ని వారాల ముందు, కన్నుమూశాడు. సొంత పేరు తనదేనని ఒక కవి నిరూపించుకోవలసి వచ్చిందంటే, పేరు ఎంత తేలికగా చేయి జారుతుందో చూడండి.

ఇక 1965. రైచస్ బ్రదర్స్ అనే జంట. పేరులో సోదరులు గాని, బాబీ హాట్‌ఫీల్డ్, బిల్ మెడ్లీ అన్నదమ్ములు కారు. ఈ పాట హాట్‌ఫీల్డ్ ఒక్కడే పాడాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. రికార్డుకు ఒకవైపు ముఖ్యమైన పాట, రెండోవైపు ఏదో ఒకటి ఉండాలి కాబట్టి ఈ పాట వేశారు. రేడియోలో పాటలు వేసేవారు రికార్డు తిరగేసి రెండోవైపునే వేయడం మొదలుపెట్టారు. అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఆ రికార్డింగును తానే ప్రొడ్యూస్ చేశానని మెడ్లీ చెబుతూ వచ్చాడు. పాట గెలిచాక వచ్చిన రికార్డుల మీద నిర్మాతగా ఫిల్ స్పెక్టర్ పేరు కనిపించింది. మళ్లీ పేరు తగాదాయే.

చివరి చరణంలో హాట్‌ఫీల్డ్ గొంతు ఒక్కసారిగా పైస్థాయికి ఎగిరే చోటు ఉంది. అడగడం అయిపోయి, బతిమాలడం అయిపోయి, ఇక కేకే మిగిలిన మనిషి గొంతు అది. ఎన్ని వందలసార్లు విన్నా అక్కడికి వచ్చేసరికి నేను చేస్తున్న పని ఆపేస్తాను. ఇది కూడా, గుర్తుంచుకోండి, తిరిగి పాడిన పాటే. డంకన్ పాడిన పదేళ్లకు వచ్చింది. కాబట్టి మళ్లీ పాడటం అంటేనే ముఖం చిట్లించే పెద్దలతో నేను ఏకీభవించను. తిరిగి పాడేవాళ్లు లేకపోతే ఈ పాట ఆ సినిమాతోనే మరుగున పడి ఉండేది. 1977 జూన్‌లో ఎల్విస్ ప్రెస్లీ పియానో ముందు కూర్చుని దీన్ని పాడాడు. ఆగస్టులో చనిపోయాడు. చెమటలు కక్కుతూ, ఊపిరి కూడదీసుకుంటూ పాడిన ఆ పాటకు హాట్‌ఫీల్డ్ పాటతో పోలికే అక్కర్లేదు. అది వేరే మనిషి వేదన.

1990లో ఘోస్ట్ సినిమా వచ్చింది. కుమ్మరి సారె ముందు డెమీ మూర్, పాట్రిక్ స్వేజీ కూర్చున్న దృశ్యానికి 1965 నాటి రికార్డింగే వాడారు. దుకాణాల్లో జనం ఆ పాట అడిగారు. పాత రికార్డింగు హక్కులు గాయకుల చేతుల్లో లేవు. అందుకని జంట స్టూడియోకు వెళ్లి కర్బ్ అనే సంస్థ కోసం అదే పాటను కొత్తగా పాడింది. ఇంతలో పాతది కూడా విడుదలైంది. ఒకే జంట పాడిన ఒకే పాట తాలూకు రెండు రికార్డింగులు ఒకే కాలంలో అమెరికా జాబితాలోకి ఎక్కాయి. పాతది 13వ స్థానం దాకా, కొత్తది 19వ స్థానం దాకా. ఆ రెండూ తరువాత సంకలనాల్లో, క్యాసెట్లలో, ఇప్పుడు ఫోన్లలో కలగాపులగం అయిపోయాయి.

నా దగ్గరి రెండో క్యాసెట్టులో ఉన్నది ఆ 1990 గొంతు. అప్పటికి హాట్‌ఫీల్డ్‌కు యాభై ఏళ్లు. ఆ వయసులో అంత ఎత్తుకు వెళ్లడం మాటలు కాదు. అది యాభై ఏళ్లవాడి గొంతని తెలిసి విని ఉంటే నేను దానిని గౌరవంగా వినేవాడిని. తెలియదు కనుక, బాగా రాని పాటగా పక్కన పడేశాను. ఏడు రాయకపోవడం వల్ల కుర్రవాడి పాటకే కాదు, పెద్దవాడి పాటకు కూడా అన్యాయం జరిగింది. ఆ మాటకొస్తే నాకూ జరిగింది.

మన దేశంలో చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1957 కాపీరైటు చట్టంలో 52ఎ సెక్షను ప్రకారం రికార్డింగు మీద దాన్ని తయారుచేసినవారి పేరు, హక్కుదారు పేరు, మొదట ప్రచురించిన సంవత్సరం ఉండాలి. 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షను ఇంకా ముందుకెళ్లింది. దాని కింద లైసెన్సు తీసుకుని ఎవరైనా పాటను మళ్లీ రికార్డు చేస్తే, మొదటి రికార్డింగు వచ్చిన ఏడు గడిచాక అయిదేళ్లు ఆగాలి. అట్ట మీద ముందు పాడినవారి పేరు గాని బొమ్మ గాని వేయకూడదు. ఇది కవర్ వెర్షన్ అని రాయాలి. ఎంత మంచి నియమమో! మన వాడుకలోకి మాత్రం అది దిగలేదు. క్యాసెట్టుకు అట్టయినా ఉండేది, ఫోనులో పాటకు అదీ లేదు.

ఇది అమెరికావారి గొడవ, బరంపురం తెలుగువారికి ఎందుకని అడిగేవారు ఉంటారు. మన తెలుగు సంఘం సభలనే చూడండి. ప్రతి సభా "మా తెలుగు తల్లికి" పాటతో మొదలవుతుంది. శంకరంబాడి సుందరాచారి రాసిన ఆ గీతాన్ని గ్రామఫోను రికార్డు మీద టంగుటూరి సూర్యకుమారి పాడింది, ఇంటింటికీ చేరింది. తరువాత ఆమె లండన్‌లో స్థిరపడింది. మొన్నటి సభలో ఫోనులోంచి వేసినది ఈ మధ్య ఎవరో అమ్మాయి పాడిన పాట. చక్కగా పాడింది. వేదిక మీద నుంచి "అలనాటి ఆ పాత గానం" అని ప్రకటించారు. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి "ఇది సూర్యకుమారి కాదు నాయనా" అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ అమ్మాయి పేరు కూడా ఎవరూ చెప్పలేదు. ఒక్క ప్రకటనతో ఇద్దరు గాయనుల పేర్లు పోయాయి.

1936 ఏప్రిల్ 1 దాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ రోజు నుంచి ఒరిస్సాలో ఉంది. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, తెలుగు చెవితోనే నేర్చుకుంటారు. చదువుతో రాని భాష పాటతో వస్తున్నప్పుడు, ఆ పాట ఎవరిదో చెప్పే బాధ్యత మన మీద రెట్టింపు ఉంటుంది. అందుకే సంఘం కార్యవర్గాన్ని గట్టిగా అడుగుతున్నాను. కార్యక్రమ పత్రంలో ప్రతి పాట కింద రాసినవారు, వరస కట్టినవారు, మొదట పాడినవారు, ఈ రోజు పాడుతున్నవారు, ఏ ఏటి రికార్డింగు అన్నవి అచ్చు వేయండి. సంఘం ఇంటర్నెట్టులో పెట్టే ప్రతి వీడియో కింద కూడా రాయండి. అయిదు వరుసలు పడతాయి. వాటికోసం ప్రకటనల్లో ఒకటి తగ్గినా నష్టం లేదు.

పెళ్లి అయిన వారానికి అమ్మ పెట్టెలోంచి ఒక క్యాసెట్టు తీసింది. అమ్మమ్మ పాడిన జోలపాట అందులో రెండువైపులా ఉంది. ఒకే పాట, రెండు కాలాలు. పేరు లేదు, తేదీ లేదు. ఏది ముందుదో అమ్మకూ వెంటనే తెలియలేదు. మళ్లీ వేయమంది. కళ్లు మూసుకుని విన్నది. ఒకవైపు పాట వెనక గుంట మగ్గం చప్పుడు సన్నగా వినిపిస్తోంది. "మీ తాతయ్య నేస్తున్నాడు" అంది అమ్మ. రెండోవైపు ఆ చప్పుడు లేదు. తాతయ్య పోయింది 1986లో.

ఆ రాత్రే కాగితం ముక్క కత్తిరించి అంటించాను. మొదటివైపు అమ్మమ్మ పేరు, బరంపురం, 1986కు ముందు, వెనక మగ్గం చప్పుడు తాతయ్యది అని రాశాను. రెండోవైపు అమ్మమ్మ పేరు, బరంపురం, 1986 తరువాత. పైన తెలుగులో నేను రాశాను. కింద ఒడియాలో మా అబ్బాయి రాశాడు.