కదిలించవద్దు, ఇది కేసు ప్రాపర్టీ

కేసుల్లో పట్టుకుని, సాక్ష్యంగా చూపే 'కేసు ప్రాపర్టీ' పేరుతో పోలీస్ స్టేషన్ల ఆవరణలో పడేసిన బండ్లను వెంటనే ఖాళీ చేయాలనే వాదన ఈమధ్య ఎక్కువైంది. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

ఏ స్టేషనో చెప్పను. తిరుపతిలో ఉంది. ప్రహరీ గోడ ఉంది, గోడ లోపల వేపచెట్టు ఉంది, ఆ వేపచెట్టు ఒక కారు బానెట్‌లోంచి వచ్చింది. కారు ఎర్రచందనం దుంగలతో పట్టుబడిందట. శేషాచలంలో చెట్టు నరికి మోసుకుపోయిన బండిలోనే మళ్ళీ చెట్టు మొలిపించిన శాఖ దేశంలో ఇంకొకటి ఉంటే చెప్పండి. ఫారెస్టోళ్ళు నర్సరీ పెట్టి, నీళ్ళు పోసి, కంచె కట్టినా రాని ఫలితం ఇక్కడ ఎవరూ ఏమీ చేయకుండానే వచ్చింది.

చట్టానికి మాత్రం తొందరెక్కువ. స్వాధీనం చేసుకున్న బండ్లను ఏళ్ళ తరబడి స్టేషన్లలో పెట్టుకుంటే ప్రయోజనం లేదనీ, తగిన బాండు, పూచీకత్తు తీసుకుని ఇచ్చేయాలనీ 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్ష్యానికి ఫొటోలు చాలంది. సొత్తును 15 రోజులు, మహా అయితే నెలకు మించి ఉంచుకోవద్దంది. ఆ కేసు పుట్టిందే స్టేషన్లో భద్రపరిచిన సొత్తు విషయంలో పోలీసుల మీద వచ్చిన ఆరోపణలతో. మర్యాద కోసం ఆ సంగతి పక్కన పెడదాం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో (కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం) 497వ సెక్షన్ ఇంకా హడావిడి మనిషి. 14 రోజుల్లో సొత్తు వివరాల పట్టిక, దాంతోపాటు ఫొటోలు, అవసరమైతే వీడియో, ఆ పట్టిక తయారైన 30 రోజుల్లో సొత్తును ఏం చేయాలో ఉత్తర్వు. మొత్తం 44 రోజులు. ఏ వేపగింజ 44 రోజుల్లో బానెట్ దాటి పైకొస్తుంది? చట్టం రాసినవాళ్ళు పచ్చదనం గురించి ఆలోచించలేదని తెలిసిపోతూనే ఉంది.

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ ఆవరణలు నిండడానికి కరువేమీ లేదు. కొండల్లో దుంగలు, స్వర్ణముఖిలో ఇసుక, పలమనేరు, కుప్పం వైపు నుంచి కర్ణాటక మందు. ఏదీ దొరకని రోజు పేపర్లు లేని స్కూటర్ ఎటూ దొరుకుతుంది.

బండి పట్టుకోగానే పంచనామాలో 'నడిచే కండిషన్‌లో ఉన్నది' అని రాస్తారు. అబద్ధం కాదు. అది నిజంగానే నడుస్తుంది, కాకపోతే విడివిడిగా. ముందు బ్యాటరీ నడిచిపోతుంది. తర్వాత స్టీరియో, ఆ తర్వాత స్టెప్నీ, చివరికి నాలుగు టైర్లు. 24 గంటలూ సెంట్రీ ఉండే చోట ఇంత పని చేస్తున్న దొంగల ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే. దీనిమీద ఫిర్యాదు ఎక్కడ ఇచ్చినా చివరికి అదే స్టేషన్‌కు చేరుతుంది. ఇచ్చారనుకోండి, మిగిలిన బండి ఆ కేసులో కూడా ప్రాపర్టీ అవుతుంది.

చంద్రగిరి వైపు పాలు పోసుకునే మనిషి ఒకాయన ఉన్నాడు. బామ్మర్ది బండి అడుక్కునిపోయి కర్ణాటక మందు ప్యాకెట్లతో దొరికిపోయాడు. ఈయన లాయర్ని పెట్టుకుని, పిటిషన్ వేసి, ఇద్దరు జామీనుదార్లను తెచ్చి, ఆర్డర్ పట్టుకుని స్టేషన్‌కు పోయాడు.

"సామీ, నా బండి..."

"ఆర్డర్ తెచ్చినావా?"

"తెచ్చినా సామీ."

"రైటర్ లేడు. కొండకు బందోబస్తుకు పోయినాడు. బ్రహ్మోత్సవాలు అయినాక రాపో."

బ్రహ్మోత్సవాలు అయ్యాక వైకుంఠ ఏకాదశి వచ్చింది. అది దాటితే రథసప్తమి. తిరుపతిలో బందోబస్తుకు పంచాంగం ఎప్పుడూ ఖాళీ ఇవ్వదు. ఫైనాన్స్ కంపెనీ వాళ్ళకు మాత్రం ఏ పండగా అడ్డురాదు, ప్రతి నెలా ఐదో తేదీకల్లా ఫోన్ చేస్తారు. చివరికి బండి చేతికొచ్చింది. దాన్ని ఇంటికి తీసుకుపోవడానికి ఆయన ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాడు. బామ్మర్దికి అదే రోజు ఇంకో మాట కూడా చెప్పాడుగానీ అది అచ్చులో పెట్టేది కాదు.

ప్రభుత్వ బండ్లకు 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ పోయి తుక్కు కింద లెక్క. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నియమం ఉంది. కేసు ప్రాపర్టీకి ఆ గండం లేదు. ముద్దాయి పోవచ్చు, సాక్షులు పోవచ్చు, పట్టుకున్న ఎస్సై డీఎస్పీగా రిటైరవ్వచ్చు. అద్దం మీద తెల్ల రంగుతో రాసిన క్రైమ్ నంబర్ అలాగే ఉంటుంది, అద్దం ఉంటే. ఎప్పుడో ఒకప్పుడు వేలం పెడితే పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి కిలోల లెక్కన తీసుకుపోతారు. అప్పటికి బరువు కూడా తగ్గివుంటుంది, మోయడం సులువు.

దోమల మాట కొందరు ఎత్తుతారు. ఇంటి వెనక కొబ్బరి చిప్పలో నీళ్ళు కనిపిస్తే మున్సిపాలిటీ వాళ్ళు డెంగీ అని కేకలేస్తారు కదా, ఇక్కడ లారీ తొట్టినిండా ఉన్నాయే అని. ఆ నీళ్ళు కూడా కేసులో భాగమే. కోర్టు ఆర్డర్ లేకుండా ఎలా పారబోస్తారు?

అందుకే ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. ఈ ఆవరణలను అలాగే ఉంచి, కొండకు వచ్చే యాత్రికులకు చూపించండి. యజమానులను నెలకు ఒక రెండో శనివారం లోపలికి రానిచ్చి, తమ బండి పక్కన ఫొటో దిగనివ్వండి. టైర్లు లేని బైకు మీద ఎక్కి కూర్చునేవాళ్ళు మాత్రం హెల్మెట్ పెట్టుకోవాలి. లేకపోతే చలానా రాసి బండి సీజ్ చేయాల్సి వస్తుంది.