పన్ను సూదికి కన్ను మసకేస్తే

"పైపన్ను పీకిస్తే చూపు పోతది" అనే మాట పరకాల, నర్సంపేట దిక్కు ఇప్పటికీ వినపడుతూనే ఉంది. పిప్పి పన్నుకు చెంప ఉబ్బి రాత్రంతా నిద్ర లేకపోయినా, లవంగం నూనెలో ముంచిన దూది పెట్టుకుని నెలల తరబడి నెట్టుకొచ్చేవాళ్లు ఎందరో. ఆ భయం ఉత్తది. పళ్లు ఊడే వయసులోనే కంట్లో శుక్లాలూ వస్తాయి కాబట్టి ఎవరో ఈ రెండింటికీ ముడిపెట్టి ఉంటారు.

అయితే డాక్టర్లు దాటేసే సంగతి ఒకటుంది. పీకినందుకు కాదు, ముందు ఇచ్చే మత్తు సూది వల్ల, చాలా అరుదుగా, ఆ పక్క కన్ను కాసేపు మసకబారొచ్చు, ఒకటి రెండుగా కనపడొచ్చు, రెప్ప వాలొచ్చు, ఒక్కోసారి పూర్తిగా చీకటి కమ్మొచ్చు. కింది దవడకు సూది ఇచ్చే చోట నరం పక్కనే రక్తనాళం ఉంటుంది. మొన అందులో దిగి మందు గట్టిగా ఎక్కితే, అది రక్తానికి ఎదురు నడిచి కంటికి వెళ్లే నాళాల దాకా చేరగలదు. పైదవడ వెనక ఇచ్చినప్పుడు మందు కంటిగూటిలోకి పాకే అవకాశమూ ఉంది. మత్తు దిగేకొద్దీ, నిమిషాల్లోనో గంటల్లోనో, దాదాపు అందరికీ చూపు తిరిగొస్తుంది. (ఆ మాటకొస్తే లోకల్ మత్తు మొదలైందే కంటితో: 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే డాక్టర్ కొకైన్‌తో కంటిని మొద్దుబార్చాకే అది పన్ను దాకా వచ్చింది.)

పళ్ల డాక్టర్లను మేం అడిగేది పెద్దదేం కాదు. హన్మకొండలో సాయంత్రం క్లినిక్ ఎంత కిటకిటలాడినా, మందు ఎక్కించే ముందు సిరంజి పిడిని కాస్త వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడాలి, వస్తే సూది జాగా మార్చాలి, మెల్లగా ఎక్కించాలి. దీనికి పట్టేది కొన్ని క్షణాలే. ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి జరగొచ్చు, అప్పుడు "ఏం కాలేదమ్మా" అని పంపేస్తే ఆ పేషెంట్ టెన్షన్‌తో ఊరికి పోయి చెప్పేదేమిటో ఊహించుకోవచ్చు, పాత పుకారుకు కళ్లారా చూసిన సాక్షి దొరికినట్టే. ఏం జరిగిందో విడమరిచి చెప్పండి, బండి నడపనివ్వకండి, తోడు లేకుండా పంపకండి. చూపు పూర్తిగా పోతే మాత్రం మత్తు దిగేదాకా ఆగొద్దు. వరంగల్‌లోనే ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది, వెంటనే అక్కడికి పంపాలి.