ఎనిమిదో నొక్కుకి గానీ నిలకడ రాని సీరియల్ సెట్టు గారికి

మహారాజశ్రీ సీరియల్ సెట్టు గారి, అనగా మినుకు దీపాల దండ గారి, సముఖమునకు,

డిసెంబరు మాసం, మా డాబా మీద నుంచి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం మాత్రం టెస్టరు పెట్టి చూస్తే గానీ తెలియడం లేదు.

బజారులో దొరికే ప్లాస్టిక్ స్టారు వద్దు, ఈ క్రిస్మస్‌కి ఇంట్లోనే తీగతో కట్టాలని మా వాళ్ళు తీర్మానించారు. వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు వేలాడదీసే చేతులు ఇప్పుడు మా వీధిలో లేవు. అందుకని పదో నంబరు జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనప తీగ, తెచ్చాం. కాగితం మీద పెన్ను ఎత్తకుండా స్టారు గీస్తామే, ఆ దారినే తీగని వంచుకుంటూ పోవడం. రెండడుగుల గీతలు ఐదు, మొత్తం పదడుగులు, ఒక్కో కొసలో 36 డిగ్రీలు. అలాంటివి రెండు చేసి, కొసకి కొస కలిపి బైండింగ్ వైరుతో బిగించి, లోపలి ఐదు మూలల్లో జానెడేసి పుల్లలు అడ్డం పెడితే పొట్ట ఉబ్బిన స్టారు తయారు. ఇక దాని చుట్టూ తమరిని చుట్టడమే మిగిలింది. మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మందమున్న ఇనప తీగ మా బావ చేతిలో బుద్ధిగా వంగింది. వంగనిది తమరొక్కరే.

తమరి వంశం గొప్పదే, కాదనను. 1882 డిసెంబరులో న్యూయార్కులో, ఎడిసన్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకి ఎరుపు, తెలుపు, నీలం బల్బులు 80 చేత్తో వైరింగ్ చేసి వెలిగించాడు. ఆ చెట్టు గుండ్రంగా తిరిగేదట, తిరిగేకొద్దీ దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉండేవట. ఈ మినుకు రోగం తమకి ముత్తాత నుంచే వచ్చిందన్నమాట.

తమరి పాత తరం వాళ్ళని మా నాన్న ఇప్పటికీ తిడుతూనే తలుచుకుంటారు. ఆరు వోల్టుల బల్బులు నలభై ఒకే వరసలో. నలభై ఆర్లు రెండొందల నలభై, లెక్క సరిపోయేది. ఒకటి మాడితే దండంతా చీకటి. ఏది మాడిందో తెలియక ఒక్కొక్కటీ పీకి, మంచి బల్బు పెట్టి చూసుకుంటూ పోయేవారు. విసుగెత్తితే మాడినదాన్ని తీసేసి వైరు కొసలు రెండూ మెలేసేవారు. వెంటనే మిగతావన్నీ ఇంకాస్త ధగధగా వెలిగేవి, మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఐదు తీసేస్తే మిగిలిన ముప్ఫై ఐదింటి మీద తలా ఏడు వోల్టుల దాకా పడుతుంది. ఆఫీసులో ఒకడు మానేస్తే వాడి పని మిగతావాళ్ళ నెత్తిన రుద్దినట్టు! అవీ త్వరత్వరగా మాడేవి.

తమరు ఎల్‌ఈడీ అయ్యాక ఆ బాధ కొంత తగ్గింది. బదులుగా ఆ డబ్బా వచ్చింది. ప్లగ్గు దగ్గర వేలాడే అగ్గిపెట్టెంత డబ్బా, దానికో మీట. మొదటి నొక్కులో తమకొచ్చిన గంతులన్నీ వరసగా వేస్తారు. తర్వాత అలలు, ఆ తర్వాత తరుముకోవడం, మెల్లగా నిండుకోవడం, గబుక్కున మెరవడం. బుద్ధున్న మనిషి కోరుకునేది, కుదురుగా వెలగడం, అది ఎనిమిదోది! చలికి వేలు కొంకర్లు పోయి ఇంకోసారి నొక్కామా, మళ్ళీ మొదటికే. పోనీ ఓపిక పట్టి ఎనిమిదికి చేర్చి కిందికి దిగామనుకోండి, కరెంటు రెప్పపాటు పోయి వస్తుంది. తమరికి అంతా మరుపే. మళ్ళీ గంతులు. మా బావ మెట్లెక్కడం మానేసి పిట్టగోడ మీదే దుప్పటి కప్పుకుని కూర్చుంటున్నాడు.

ఒక్క మాట అడుగుతాను. తూర్పు దేశపు జ్ఞానులకి నక్షత్రం ముందు నడిచి, శిశువు ఉన్న చోటికి మీదుగా వచ్చి నిలిచిందని మత్తయి సువార్త. నిలిచింది! తమరిలాంటి వారిని ఆకాశంలో కట్టి ఉంటే, జ్ఞానుల్లో ఒకరు బేత్లెహేముకి, ఒకరు ఐగుప్తుకి, మిగిలినవారు కళ్ళు తిరిగి ఒంటె కిందికి చేరేవారు. మొన్న రాత్రి క్యారల్స్‌కి వచ్చిన మా యూత్ పిల్లలు కూడా పాట మధ్యలో తాళం తప్పి తమరి వేగం అందుకున్నారు. పాస్టరు గారు పైకి చూశారు, ఏమీ అనలేదు.

నవ్వులాటకి కాని విషయం ఒకటుంది. ‘నా బల్బు మూడు వోల్టులదే కదా’ అని తమరు అమాయకపు మొహం పెడతారు. తెల్ల ఎల్‌ఈడీకి మూడు నిజమే. కానీ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేదు, గోడలోని 230 నేరుగా తమలోకే వస్తుంది. తమరి తోలు ఉల్లిపొర. కటింగ్ ప్లేయరుతో తెంపిన బైండింగ్ వైరు కొస దాన్ని గీరిందా, పైన మంచు కురిసిందా, స్టారు మొత్తానికి ఫేజు. ఎర్తు ఊసే లేని రెండు పిన్నుల ప్లగ్గు తమరిది, అదీ సాకెట్లో వదులే. అందుకే మా అమ్మ కొసలన్నీ లోపలికి మడిపించి, ప్రతి ముడికీ ఇన్సులేషన్ టేపు చుట్టించి, ప్లగ్గు పీకాక గానీ స్టారుని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

తమరికి కులమతాలు లేవని మాత్రం ఒప్పుకుంటాను. వినాయక చవితికి ఎదురింటి పందిట్లో, దీపావళికి పక్కింటి బాల్కనీలో, డిసెంబరుకి మా డాబా మీద. ఎవరింటికి వెళ్ళినా అదే మరుపు, అవే గంతులు.

కాబట్టి విన్నపం. ఆ డబ్బాలో కాస్త జ్ఞాపకశక్తి పెట్టించుకోండి, లేదా కుదురుని మొదటి నొక్కుకి మార్పించుకోండి. సెల్‌ఫోన్ చార్జరుతో ఐదు వోల్టులకే వెలిగే రాగి తీగ దీపాలు మార్కెట్లోకి వచ్చి చాలా కాలమైంది. అగ్గిపుల్ల తలంత బల్బులు, తీగ మీద చుడితే చుట్టిన చోటే ఉంటాయి. వాటిలోనూ డబ్బా లేని రకం ఉందని మా బావ కనుక్కొచ్చాడు. సంక్రాంతి దాకా తమకి గడువు.

ఇట్లు,
తమరి మీట దగ్గర కాపలా ఉన్న బావ తరఫున,
కింద నిచ్చెన పట్టుకున్నవాడు

తా.క.: దండ చివర పది బల్బులు నిన్నటి నుంచి వెలగడం లేదు. వాటిని స్టారు వెనక్కి తిప్పి కట్టాం. వీధిలో ఎవరికీ చెప్పకండి.